ఊరి పేరు ఎందుకు వేశారు?

పదిహేనేళ్ళ కిందట నేను ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేసేవాణ్ణి. రాత్రి ఎడిషన్ మూసే వేళకు పేజీలో అడుగున మిగిలిపోయే చోటును నింపడానికి పనికివచ్చే వార్తల్లో ఒకటి వారానికి ఒకటి రెండుసార్లు తప్పకుండా వచ్చేది. ‘వ్యభిచార గృహంపై పోలీసుల దాడి, ముగ్గురు మహిళలు, ఇద్దరు విటుల అరెస్టు’ అన్న శీర్షికను, అంకెలు మార్చుకుంటూ, నేనే కనీసం యాభై సార్లు రాసి ఉంటాను. స్టేషన్ నుంచి వచ్చిన ప్రకటనలో ఆడవాళ్ళ పేరు, వయసు, ఊరు ఉండేవి. మగవాళ్ళ విషయంలో చాలాసార్లు సంఖ్య మాత్రమే ఉండేది. వచ్చింది వచ్చినట్టు వేసేవాళ్ళం.

ఒకరోజు మధ్యాహ్నం నలభై ఏళ్ళావిడ ఒకామె ఆఫీసుకు వచ్చి, మడతలు పెట్టిన పేపరు ముక్కను పర్సులోంచి తీసి నా బల్ల మీద పెట్టింది. ఆమె కోపంగా లేదు. “పేరు వేశారు సరే బాబూ, ఊరి పేరు ఎందుకు వేశారు? మా పాప ఆ ఊళ్ళోనే మా అమ్మ దగ్గర ఉండి చదువుకుంటోంది” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ తరువాత ఏం జరిగిందో చివర చెబుతాను.

ఈ మధ్య, ఒళ్ళమ్ముకుని బతికే స్త్రీల హక్కుల గురించిన బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు 2022 మే 19న ఇచ్చిన ఉత్తర్వును పూర్తిగా చదివినప్పుడు ఆమె మళ్ళీ గుర్తుకొచ్చింది. దాడుల్లో పట్టుబడినా, రక్షించబడినా, నిందితులైనా, బాధితులైనా, ఈ స్త్రీల గుర్తింపు బయటపడేలా పేర్లు గానీ ఫొటోలు గానీ వేయకుండా మీడియాకు మార్గదర్శకాలు ఇవ్వాలని అందులో ప్రెస్ కౌన్సిల్‌కు చెప్పారు. ఆ ఉత్తర్వు వచ్చిన మర్నాడు మాత్రం చాలామంది ‘వ్యభిచారం కూడా వృత్తే’ అన్న ఒక్క వాక్యం చుట్టూనే వాదించుకున్నారు. చేసే పని ఏదైనా సరే, రాజ్యాంగం 21వ అధికరణం ప్రకారం గౌరవంగా బతికే హక్కు ప్రతి మనిషికీ ఉందన్నదే ఉత్తర్వులో ఉన్న మాట. జస్టిస్ లావు నాగేశ్వరరావు నాయకత్వంలోని ధర్మాసనం దాన్ని ఇచ్చిందన్న సంగతి కూడా మన దగ్గర పెద్దగా చర్చకు రాలేదు.

ఈ స్త్రీల పట్ల మన సమాజం తన వైఖరిని గత నూటయాభై ఏళ్ళలో ఎన్నోసార్లు మార్చుకుంది. మార్చుకున్నప్పుడల్లా ఒక కొత్త పేరు పెట్టింది, తరచుగా మంచి ఉద్దేశంతోనే పెట్టింది, ఆ పేరుతో పాటు వాళ్ళ చేతిలో ఉన్న ఏదో ఒకదాన్ని, అది భూమి కావచ్చు, కళ కావచ్చు, తలదాచుకునే అద్దె ఇల్లు కావచ్చు, తీసేసుకుంది. తీసుకునే ముందు వాళ్ళను అడగలేదు, వాళ్ళు తమంతట తాము చెప్పినప్పుడు ఆ మాటను లెక్కలోకి తీసుకోలేదు. ఈ వరుసను ఇకనైనా ఆపాలని నా అభిప్రాయం. ఆ అభిప్రాయం మీద నాకే కొన్ని బలమైన సందేహాలు ఉన్నాయి కనుక వాటిని కూడా దాచకుండా రాస్తాను.

సాని అన్న మాట

‘సాని’ అన్నది ఇవాళ తిట్టు. ‘స్వామిని’ నుంచి వచ్చిన ఈ మాటకు అసలు అర్థం యజమానురాలు. దొరసానిలో, మంత్రసానిలో ఆ గౌరవం ఇప్పటికీ మిగిలి ఉంది. మధ్యయుగపు ఆంధ్ర శాసనాల్లో గుడిసానులు, అంటే గుడి సేవలో ఉన్న స్త్రీలు, దేవాలయాలకు దానాలు ఇచ్చినవారుగా, తమ పేరుతో తామే కనిపిస్తారు. ఒక స్త్రీ తన పేరున తన ఆస్తిని దానం చేయగలిగిందంటే, ఆ ఆస్తి మీద ఆమెకు అధికారం ఉందనే కదా అర్థం.

మన పత్రికలు వాడే ‘వ్యభిచారం’ అన్న మాటది మరో దారి. దారి తప్పడం అని దాని మూలార్థం. పెళ్ళైన మనిషి కట్టుబాటు దాటడానికి వాడిన ఆ మాటనే, డబ్బు తీసుకుని బతుకు వెళ్ళదీసుకునే స్త్రీ పనికి కూడా తగిలించాం. ఆమె ఏ కట్టుబాటును దాటిందో, ఎవరికిచ్చిన మాట తప్పిందో ఎవరూ చెప్పరు. డెస్కులో ఉన్నన్నాళ్ళూ ఈ తేడా నాకూ తట్టలేదు.

గోదావరి జిల్లాల్లో ఆటపాటలే వృత్తిగా ఉన్న కలావంతుల, అంటే దేవదాసీల, కుటుంబాల గురించి మా అమ్మమ్మ చెప్పేది. తన పెళ్ళిలో మేళం వచ్చిందని, నిత్యసుమంగళులు గనుక వాళ్ళ చేతే నల్లపూసలు గుచ్చించారని, పంక్తిలో మాత్రం వాళ్ళకు వడ్డించలేదని ఒకే గుక్కలో చెప్పేది. ఆ మూడు మాటల మధ్య వైరుధ్యం ఉందని ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు. కనుక ఆ పాతకాలం బంగారు కాలమని నేను అనడం లేదు. కలావంతుల ఇళ్ళలో ఆస్తి తల్లి నుంచి కూతురికి వచ్చేది, ఆడపిల్ల పుడితే సంతోషించేవారు, పిల్లలకు చదువూ సంగీతమూ నేర్పించేవారు. అదే ఇళ్ళలో ఒక పిల్లను ఏ జమీందారుకు అప్పగించాలన్నది ఆ పిల్లను అడిగి నిర్ణయించేవారు కారు. ఈ రెండూ నిజమే.

పట్టణాల సంగతి ఇంకో విధంగా సాగింది. కంటోన్మెంట్లలో సైనికులకు సుఖరోగాలు రాకుండా చూడడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1868లో అంటువ్యాధుల చట్టం తెచ్చి, స్త్రీలను రిజిస్టరులో ఎక్కించి, బలవంతంగా పరీక్షలు చేయించి, రోగం ఉందంటే లాక్ ఆసుపత్రిలో నిర్బంధించింది. వాళ్ళ దగ్గరికి వెళ్ళే సైనికుడికి ఆ చట్టం కింద ఏ పరీక్షా లేదు. 1888లో అది రద్దయింది. అయితే అలాంటి స్త్రీ ఒక నమోదు సంఖ్య అన్న ఆలోచన మాత్రం ఈ దేశపు పోలీసు వ్యవస్థలో పాతుకుపోయింది.

సంస్కర్తలు, వాళ్ళు వినని గొంతు

వీరేశలింగం గారి పట్ల నాకు గౌరవం ఉంది. వితంతు వివాహాల కోసం ఆయన పడిన పాట్లను చిన్నచూపు చూసే అర్హత మనలో ఎవరికీ లేదు. ఆయనా, రఘుపతి వెంకటరత్నం నాయుడు గారూ నడిపిన వేశ్యా నిరసన ఉద్యమం ఒక తరం మగవాళ్ళను బహిరంగంగా సిగ్గుపడేలా చేసింది. అంతకుముందు పెద్దమనిషి భోగం మేళాన్ని ఇంటికి పిలిపించుకోవడం హోదాకు గుర్తు. 1893లో మద్రాసు సంస్కర్తలు వైస్రాయికీ గవర్నరుకూ విజ్ఞాపన పంపి, నాచ్, అంటే భోగం ఆట, జరిగే విందులకు వెళ్ళవద్దని కోరితే, తాము చూసిన వాటిలో తప్పేమీ కనబడలేదని వాళ్ళిద్దరూ జవాబిచ్చారు. తెల్లదొరలు కాదన్న దాన్ని మనవాళ్ళే పట్టుబట్టి సాధించారు.

అయితే ఆ ఉద్యమం ‘ఆమె ఇంటికి వెళ్ళవద్దు’ అని మగవాడికి చెప్పిందే గానీ ‘నువ్వు ఏమంటావమ్మా’ అని ఆమెను అడగలేదు. గురజాడ ఈ లోటును ఆ రోజుల్లోనే ‘కన్యాశుల్కం’లో పట్టుకున్నారు. సౌజన్యారావు పంతులుతో మాట్లాడాలంటే వేశ్య అయిన మధురవాణి మగవేషం వేసుకుని వెళ్ళవలసి వచ్చింది. ఎంతో మంచివాడైన సంస్కర్త గుమ్మం కూడా ఆమె తన రూపంతో దాటలేకపోయింది.

నిజ జీవితంలో మగవేషం వేయకుండానే మాట్లాడిన మనిషి దేవదాసీ ఇంట పుట్టిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉండిన ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను ఆమె 1910లో వావిళ్ళ వారి ద్వారా పూర్తి పాఠంతో అచ్చువేయించారు. అంతకుముందు వీరేశలింగం గారు ఆ కవయిత్రిని, ఆ కావ్యాన్ని తీవ్రంగా నిందించి ఉన్నారు. సిగ్గన్నది ఆడవాళ్ళకేనా, మగకవులకు అక్కరలేదా అని నాగరత్నమ్మ తన పీఠికలో నిలదీశారు. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు. ఒక దేవదాసి రాసిన పుస్తకాన్ని ఇంకొక దేవదాసి సరిదిద్ది ప్రచురిస్తే, తెలుగువాళ్ళు దాన్ని ధైర్యంగా చదువుకోవడానికి ముప్పయి ఐదేళ్ళు పట్టింది.

ఆ తరువాత వచ్చిన ఘర్షణే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. మద్రాసు శాసనమండలిలో తొలి మహిళా సభ్యురాలు ముత్తులక్ష్మీ రెడ్డి 1927 నుంచి దేవదాసీ సమర్పణను, అంటే ఆడపిల్లలను గుడికి అంకితమివ్వడాన్ని, రద్దు చేయాలని పోరాడారు. నాగరత్నమ్మా, మద్రాసు దేవదాసీల సంఘమూ దాన్ని వ్యతిరేకిస్తూ విజ్ఞాపనలు పెట్టుకున్నారు. మమ్మల్ని వేశ్యలతో కలపవద్దు, మా పిల్లలకు చదువూ కళా నేర్పే ఏర్పాటు చేయండి, మా భూములనూ వృత్తినీ తీయకండి అన్నది వాళ్ళ మాటల సారం. సంస్కర్త బయటి మనిషి, అందుకే ఆమెకు అర్థం కాలేదు అని చెప్పి తప్పించుకుందామంటే కుదరదు. ముత్తులక్ష్మి తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కులంలో పుట్టినామె. మన తెలుగువైపు యామినీ పూర్ణతిలకం కలావంతుల ఇంట పుట్టి, రద్దు కోసమే ఊరూరా తిరిగి, ఆడపిల్లలకు మద్రాసులో శరణాలయం నడిపారు. ఆ జీవితం లోపల ఏముందో ఈ ఇద్దరికీ తెలుసు.

నాగరత్నమ్మ వాదనలోనూ ఒక లోపం ఉంది. మేము వేశ్యలం కాము అని గీత గీసినప్పుడు, ఆ గీతకు అవతల మిగిలిపోయిన స్త్రీకి గౌరవం అక్కరలేదని ఆమె ఒప్పుకున్నట్టే అయింది. కంటోన్మెంటు సందుల్లో బతికే మనిషి తరఫున మాట్లాడేవాళ్ళు ఇటు లేరు, అటు లేరు. ఇది నేను చాలా ఆలస్యంగా గమనించాను, గమనించాక నాగరత్నమ్మను పూర్తిగా నాయికగా నిలబెట్టడం మానుకున్నాను.

అయినా ఫలితాన్ని చూడాలి. 1929లో దేవాదాయ చట్టాన్ని సవరించి, సేవకు బదులుగా దేవదాసీల చేతిలో ఉన్న ఇనాము భూములను గుడి సేవ నుంచి విడదీశారు. కాగితం మీద అది విముక్తే. కానీ కాలక్రమంలో కూతుళ్ళకు రావలసిన ఆస్తి కొడుకులకూ అన్నదమ్ములకూ పంపకమైంది, ఇంటి పెత్తనం మగవాళ్ళ చేతికి వచ్చింది. 1947లో సమర్పణ నిషేధ చట్టం వచ్చింది. 1956లో ఆంధ్రలో చేసిన సవరణ పెళ్ళిళ్ళ వంటి ప్రైవేటు వేడుకల్లో వాళ్ళు ఆడడాన్ని కూడా నేరం చేసింది. అదే దశాబ్దాల్లో, 1935లో రుక్మిణీదేవి అరండేల్ భరతనాట్యంతో వేదికెక్కిన తరువాత, ఆ నాట్యాన్ని పెద్ద కులాల ఆడపిల్లలు నేర్చుకోవడం సంస్కారానికి గుర్తయింది. ముమ్మిడివరంలోనూ మురమండలోనూ తలుపులు వేసుకుని తమ పదాలను తామే పాడుకున్న ముసలమ్మలకు అదే అభినయం ఊళ్ళో తలవంపుగా మిగిలింది. సిల్కు బట్టకు పేరుపడిన పెద్దాపురం, ఆ ఊరి కుర్రవాడు హాస్టల్లో తన ఊరి పేరు చెప్పడానికి జంకే ఊరుగా మారింది.

కులం పేరును సూర్యబలిజ అని మార్చుకున్నారు. మార్చుకున్నవాళ్ళను నేను తప్పుపట్టను. పిల్లలకు బడిలో ఎదురయ్యే ప్రశ్న నుంచి తప్పించడానికి తల్లిదండ్రులకు అంతకన్నా వేరే దారి కనబడి ఉండదు.

నేరం కాని పని, చుట్టూ నేరాలు

స్వతంత్ర భారతం 1956లో తెచ్చిన చట్టం, 1986 సవరణతో ఇప్పుడు మనం పీటా (అనైతిక వ్యాపార నిరోధక చట్టం) అంటున్నది, ఒక విచిత్రమైన కట్టడం. వయోజన స్త్రీ తన ఇంట్లో తానొక్కతే ఉండి డబ్బు తీసుకోవడాన్ని అది నేరమనదు. ఇద్దరు కలిసి ఉంటే అది వ్యభిచార గృహమవుతుంది. తెలిసి ఇల్లు అద్దెకిచ్చినవాడు నేరస్థుడవుతాడు. గుడికీ బడికీ 200 మీటర్ల లోపల ఉంటే నేరం, వీధిలో పిలిస్తే నేరం. ఆమె సంపాదన మీద తెలిసి బతికే 18 ఏళ్ళు దాటిన ఎవరైనా నేరస్థులే. తార్చేవాడి కోసం రాసిన ఆ సెక్షన్ మాటల్లోకి డిగ్రీ చదివే ఆమె కొడుకు కూడా వస్తాడు, మంచాన పడ్డ ఆమె తల్లి కూడా వస్తుంది.

ఈ చట్టం అమలులోకి వచ్చిన 1958 మే 1వ తేదీనే అలహాబాదు హైకోర్టులో హుస్నాబాయి అనే 24 ఏళ్ళ స్త్రీ దాన్ని సవాలు చేసింది. నచ్చిన వృత్తిని చేసుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చింది కదా, నా మీద ఆధారపడిన చెల్లెలూ తమ్ముళ్ళూ ఎలా బతకాలి అని అడిగింది. పిటిషన్ కొట్టేశారు. అయినా స్త్రీని ఊళ్ళోంచి వెళ్ళగొట్టే అధికారాన్ని మేజిస్ట్రేటుకిచ్చే 20వ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని న్యాయమూర్తి అభిప్రాయపడ్డారు. 1963లో సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ సెక్షన్‌ను తిరిగి నిలబెట్టింది. రాజ్యాంగం మనందరిదీ అని నమ్మి కోర్టు మెట్లెక్కిన తొలి సామాన్యుల్లో హుస్నాబాయి ఒకరు.

ఎయిడ్స్ భయం కమ్ముకున్న రోజుల్లో ప్రభుత్వమే వీళ్ళను వెతుక్కుంటూ వెళ్ళింది. 2000 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా ఆరోగ్య కార్యకర్తలుగా ఆ వృత్తిలోని స్త్రీలనే పెట్టుకుని, కండోములు పంచారు. ఆ పంపిణీకి తిరిగిన ఒకామె నాతో చెప్పిన మాట ఇది: “ఉదయం డాక్టరమ్మ ఇచ్చిన డబ్బాను సాయంత్రం ఎస్సై గారు సాక్ష్యంగా పట్టుకెళ్ళేవారు సార్.” కండోములను నేరానికి రుజువుగా చూడరాదని చెప్పడానికి 2022 ఉత్తర్వు దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఉత్తర్వులో కూడా, ఇష్టపూర్వకంగా ఉన్న వయోజనుల జోలికి పోలీసులు పోరాదన్న సిఫారసుతో సహా కొన్నిటిపై కేంద్రం అభ్యంతరం చెప్పింది.

నా సందేహాలు

ఇష్టపూర్వకంగా అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. పాలమూరులో, నిజామాబాద్‌లో జోగినిగా మారిన పిల్లకు ఇష్టం అడిగిందెవరు? ఊరి దేవత పేరు చెప్పి మాల మాదిగ ఇళ్ళ పిల్లలను, రజస్వల కూడా కాని వయసులో, ఊరి పెత్తందారులకు వదిలిపెట్టిన ఆచారమది. కలావంతులకున్న ఇనాములు, వీణలు, కావ్యాలు వీళ్ళకు ఎన్నడూ లేవు. రాయలసీమలో బసివి, చిత్తూరులో మాతమ్మ అన్న పేర్ల వెనుక కూడా ఇదే కథ. 1988లో వచ్చిన సమర్పణ నిషేధ చట్టాన్ని ఆ స్త్రీలు తమ గెలుపుగానే భావించారు. నిజామాబాద్ జిల్లాలో హేమలతా లవణం గారు వాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి పనిచేసినప్పుడు వాళ్ళు కోరింది ఈ వృత్తికి గుర్తింపు కాదు. భూమి, పెళ్ళి, పిల్లల బడి రిజిస్టరులో తండ్రి పేరు అడగకుండా ఉండడం, ఇవి కోరారు.

2018లో యాదగిరిగుట్టలో పోలీసులు కాపాడిన చిన్నపిల్లల సంగతి చదివినవాళ్ళెవరూ దాడులు వద్దని తేలిగ్గా అనలేరు. నేనూ అనలేను. కదిరి వైపు నుంచి మహానగరాలకు పనిపేరిట తీసుకుపోయి అమ్మేసిన ఆడవాళ్ళ గురించి ఆ ప్రాంతపు మిత్రులు చెప్పినప్పుడు, నేను పైన రాసిన హక్కుల భాష నాకే పలచగా అనిపించింది. ఆకలికి ఒప్పుకున్నది నిజమైన ఒప్పుకోలు అవుతుందా అని ఒక మిత్రురాలు నిలదీసింది. ఆకలికి ఒప్పుకుని ఇటుక బట్టీలో దిగే మనిషిని మనం అరెస్టు చేయం కదా అని నేనన్నాను. ఇటుక మోయడమూ ఇదీ ఒకటేనా అని ఆమె మళ్ళీ అడిగింది. ఒకటి కాదు. ఆ విషయంలో ఆమెదే న్యాయమని నాకు తెలుసు.

అయినా నా అభిప్రాయం అక్కడే నిలిచింది. పసిపిల్లను కాపాడడానికి పోక్సో ఉంది, మనుషులను కొనడం అమ్మడం మీద 2013లో కఠినమైన సెక్షన్ వచ్చింది. వాటిని గట్టిగా వాడడానికి నలభై ఏళ్ళ స్త్రీ పేరూ ఊరూ పేపరుకెక్కించవలసిన అవసరం లేదు, ఆమెను హోములో నెలల తరబడి ఉంచవలసిన అవసరం లేదు. జోగిని చెప్పిన మాట వేరు, హుస్నాబాయి చెప్పిన మాట వేరు, నాగరత్నమ్మ చెప్పింది ఇంకా వేరు. అడిగి ఉంటే ఈ తేడాలు తెలిసేవి. అడగకుండా అందరినీ ఒకే మాట కింద చేర్చడం వల్ల, కాపాడవలసిన పిల్ల చేయి జారుతోంది, వదిలేయవలసిన పెద్దామె చిక్కుతోంది. బలవంతాన్నీ, పిల్లల జోలికి పోవడాన్నీ క్షమించని చట్టమే, వయోజన స్త్రీ ఇంటినీ ఆమె కొడుకునూ నేరంలో నుంచి బయట పెట్టాలి.

పేర్ల తగువు ఇంకా తేలలేదు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు, స్త్రీల గురించి కోర్టుల్లో వాడే మాటలపై తెచ్చిన కరదీపికలో, ‘ప్రాస్టిట్యూట్’ స్థానంలో ‘సెక్స్ వర్కర్’ అని వాడాలంది. అక్రమ రవాణాకు వ్యతిరేకంగా పనిచేసే సంస్థలు అభ్యంతరం చెప్పాక కొన్ని నెలలకే ఆ మాటనూ మార్చి, అమ్మకానికి గురైన బాధితురాలు, బలవంతాన దిగిన స్త్రీ, ఆ పనిలో ఉన్న స్త్రీ అని వేరువేరుగా పేర్లు పెట్టింది. కొత్తవి పలకడానికి పొడుగ్గా ఉన్నాయి, శీర్షికలో పట్టవు. అయినా ఈ పరిస్థితుల మధ్య తేడా ఉందని తొలిసారి ఒప్పుకున్న పేర్లవి కనుక నాకు అవే నచ్చాయి.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, లోపలికి వెళ్ళి పై ఉద్యోగితో మాట్లాడాను. సవరణ వేయవచ్చా అని అడిగాను. పేరు తప్పా, వయసు తప్పా, ఊరు తప్పా అని ఆయన అడిగారు. ఏదీ తప్పు కాదన్నాను. తప్పు లేనప్పుడు సవరణ దేనికన్నారు. బయటికి వచ్చి ఆ మాటే ఆమెకు చెప్పాను. ఆమె పేపరు ముక్కను పాత మడతల మీదనే మడిచి పర్సులో పెట్టుకుని, వెళ్ళొస్తాను బాబూ అని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి వచ్చిన ప్రకటనల్లో ఇంకో దాడి వార్త ఉంది. ఇద్దరు స్త్రీలు, ఇద్దరి ఊళ్ళు. వార్త వేశాను, ఊళ్ళు తీసేశాను, పేర్లు కూడా తీసేశాను. ఎందుకు తీశావని మర్నాడు అడిగితే, పేజీలో చోటు చాలలేదని చెప్పాను.